గోడ దాహం

ఆ మేస్త్రీ అనగానే నాకు ఆయన చేతిలోని చెంబు గుర్తొస్తుంది. చిత్తూరులో మా స్నానాలగదికి టైల్స్ వేయడానికి వచ్చాడు. మా వీధిలో అప్పటికదో వింత. పాత పూతకు ఉలితో గాట్లు పెట్టి, నీళ్లు చల్లి, గోడకు చెవి ఆనించేవాడు.

"గోడ దాహం తీరల్లమ్మా. లేకుంటే సిమెంటులో తడంతా తాగేస్తాది, టైలు నిలవదు."

పని సగంలో ఉండగా రేణిగుంటలో ఆయన భార్య పోయింది. ఆమెకు ప్రాణమ్మీదికొచ్చిందని కబురు తెచ్చిన మనిషి బస్సు దిగేసరికే ఆలస్యమైపోయింది.

దినాలయ్యాక వచ్చి మళ్లీ చెంబు పట్టాడు. నీళ్లు నేలంతా పారుతున్నా ఆపలేదు.

"చాల్లే మేస్త్రీ, గోడ తాగేసినాది" అన్నాను.

"కడాన నా చేత్తో నీళ్లు పొయ్యమని అడిగిందంటమ్మా. ఆ పొద్దు నేను ఈడ గోడకు పోస్తా ఉంటిని."