ఒకే థాను బట్ట

మా అక్క కూతురు నిన్నటి నుంచి అన్నం ముట్టడం లేదు. ఎనిమిదో తరగతి. కరీంనగర్‌లో తన బడి దోస్తులు అయిదుగురూ నుదుటి మీదికి వెంట్రుకలు కత్తిరించుకున్నారట, మా అక్క మాత్రం ఒప్పుకోలేదు. "గన్ని పుస్తకాలు చదువుతవు గదా, నువ్వన్న చెప్పవే" అని నన్ను గదిలోకి తోసింది. "గిట్లనే పోతే రేపు నన్ను పక్కకు కూసోనియ్యరు చిన్నమ్మా. నీకు తెల్వది" అని ఆ పిల్ల గోడవైపు తిరిగింది. నాకు తెలుసు. బయటికొచ్చి డైరీ తెరిచాను.

మాది సాంచాల ఊరు. మరమగ్గాలను మా దగ్గర అట్లాగే అంటారు. ఎదురింటి పిల్ల వాళ్ల బాపు సాంచాలు నడిపేవాడు. నాకు ఆ పిల్ల ఒక్కతే దోస్తు. దుకాణంలో నాకు కావలసిన పెన్సిలు తనే అడిగేది, బడిలో నా హాజరు కూడా తనే పలికేది. మూడు నాలుగు తరగతుల్లో మాకు అవ్వ మాట, అంటే అమ్మ మాట, సారు మాట తప్ప ఇంకెవరి లెక్కా లేదు. థాను చివర మిగిలిన పచ్చ గళ్ల ముక్కతో వాళ్లవ్వ ఏటా ఇద్దరికీ ఒకే తీరు లంగాలు కుట్టేది. అవి వేసుకుని కవలల్లా ఊరంతా తిరిగేవాళ్లం. ఎవరైనా నవ్వారో లేదో మేం చూడనే లేదు.

ఏడో తరగతి దాటేసరికి క్లాసులో ఒక గుంపు తయారైంది. ఏ రిబ్బను కట్టాలో, ఎవరితో మాట్లాడాలో అక్కడే తేలేది. నేను చేసేది ఒకటే, వాళ్లు నవ్వినప్పుడు నవ్వడం. అది కూడా ఒక క్షణం ఆలస్యంగా. ఎనిమిదిలో, బతుకమ్మకు ముందు ఆడపిల్లలాడే బొడ్డెమ్మకు అందరూ కరీంనగర్‌లో కొన్న ఎర్ర లంగాలే వేయాలన్నారు. నేను రెండు రోజులు ఏడ్చి మా అవ్వతో కొనిపించుకున్నాను. దోస్తు వాళ్లవ్వ కుట్టిచ్చిన పచ్చ లంగా పెట్టెలో మడత విప్పకుండా ఉండిపోయింది.

ఆ సాయంత్రం పుట్టమన్నుతో చేసిన బొడ్డెమ్మ చుట్టూ ఎర్ర లంగాలు తిరుగుతున్నాయి. దోస్తు పచ్చ గళ్లలో వచ్చి నా పక్కన నిలబడింది. "ఏ షోరూంల కొన్నవే? సాంచాల షోరూంలనా?" అని ఒకతె అంది. దోస్తు దాన్ని పట్టించుకోకుండా నన్నే అడిగింది: "నీ లంగ ఏమైందే?"

అందరూ నా మొహమే చూస్తున్నారు. పుట్టి బుద్ధెరిగాక నలుగురిలో నేను గట్టిగా పలికిన మొదటి మాట అదే: "మా అవ్వ దాంతోని ఇల్లు తుడుస్తున్నది."

ఆ నవ్వులు ఎంతసేపున్నాయో చెప్పలేను. దోస్తు ఆ చుట్టు ఆట పూర్తయ్యేదాకా చప్పట్లు తప్పకుండా ఆడి, ఇంటికి పోయింది. మర్నాటి నుంచి బడిలో వెనక బెంచీకి మారింది. నా హాజరు నేనే పలుక్కున్నాను.

పది దాటాక గుంపు ఎటు వాళ్లటు చెదిరింది. ఇంటర్‌లో ఎవరు ఏం వేసుకున్నా అడిగేవాళ్లు లేరు. ఎర్ర లంగాలు కొనిపించిన పిల్లే, అందరిలా ఉండడం తనకు నచ్చదని చెప్పుకుంటూ తిరిగేది. దోస్తు మాత్రం పదితో చదువు ఆపి, వాళ్ల బాపు పక్కనే నూలు కండెలు చుట్టడానికి కూర్చుంది. ఒకరోజు ధైర్యం చేసి పోయాను. ఇరవై సాంచాలు ఒక్కసారే కొట్టుకుంటున్నాయి. ఆ రోజు అబద్ధం చెప్పాననీ, లంగా పెట్టెలోనే ఉందనీ అన్నాను. నాకే వినబడలేదు.

"ఇనవస్తలేదు. జర జోరుగ చెప్పు" అంది, చెయ్యి ఆపకుండానే.

మళ్లీ అన్నాను. అరవాలి. బొడ్డెమ్మ నాడు అంత మంది ముందు గట్టిగా పలికినదాన్ని, అక్కడ ఒక్కదాని ముందు అరవలేకపోయాను. తను కాసేపు నా పెదవుల వైపు చూసి, "పనున్నది, మల్ల రా" అని ఇంకో కండె అందుకుంది. మళ్లీ పోలేదు. ఇప్పుడు వాళ్లు మహారాష్ట్రలో, భీవండి సాంచాల దగ్గర ఉంటున్నారు.

గదిలో పిల్ల ఇంకా ఏడుస్తూనే ఉంది. ఈ గుంపు రెండేళ్లలో చెదిరిపోతుందని చెప్పవచ్చు. కానీ పదమూడేళ్లప్పుడు రెండేళ్లంటే ఎంత కాలమో, ఆ రెండేళ్లలో అన్న ఒక్క మాట తర్వాత ఎంత కాలం బతుకుతుందో నాకు తెలుసు.