బోటుకు కొమ్ము

ఆ రోజుల్లో నా బుద్ధి ఒక చోట, నా నౌకరీ ఇంకో చోట ఉండేవి. నౌకరీ ఉన్నది మెట్‌పల్లి దాటాక గోదావరి ఒడ్డున, ఒక దొరవారి బోటుఖానాలో. షికారు పడవలు ఎండకు మాడకూడదని దొరవారి తాతగారు రాతిగోడలు, టేకు దూలాలతో కట్టించిన భవనం అది (నా అద్దెగదికి సగం కప్పే లేదు). దొరలు పట్నం చేరాక అది సర్కారు చేతికొచ్చింది. మిగిలిన ఒక్క పడవకు కాపలాదారు చాచా, వాళ్లిద్దరి మీద టెంపరరీ గుమాస్తాను నేను.

పడవ పనికొస్తుందంటే నా నౌకరీ పర్మినెంట్, లేదంటే బోటుఖానాకు తాళం. అది తేల్చడానికి పెద్దసారు వస్తున్నాడని కబురొచ్చింది. బుద్ధిమంతుడైతే దగ్గరుండి పడవ కడిగించేవాడు. నాకేమో కబురొచ్చిన రోజే మెట్‌పల్లిలో కొత్త సినిమా! హడావిడిగా చీటీ రాసి పంపి చక్కా పోయాను: "చాచా, రేపు సారు వస్తుండు. బోటు తయారుంచు. లోపలంత మూడుసార్లు కడుగు. వాసన రావద్దు." (గబ్బిలాల కంపు అలాంటిది మరి.)

మర్నాడు సారు జీపు దిగుతూనే "బోటేదయ్యా?" అన్నాడు.

"తయారున్నది సాబ్! మూడుసార్లు గాదు, ఐదుసార్లు కడిగిన," అంటూ చాచా ఒక గిన్నె తెచ్చి ముందు పెట్టాడు. మూత తీస్తే ఏముంది, ఘుమఘుమలాడే మేక పేగుల కూర. బోటి!

నా పై ప్రాణాలు పైనే పోయాయి. "గిదేంది చాచా!" అన్నాను.

చాచా జేబులోంచి చీటీ తీశాడు. "నువ్వే రాస్తివి గద బేటా! గిది గుడి గాదా?"

నిజమే. తొందరలో నేను పెట్టిన కొమ్ము పైకెక్కి గుడి అయి కూర్చుంది. సారు చీటీ చదివాడు, నన్ను చూశాడు, గిన్నెను చూశాడు.

"పడవ యాడికి పోతది గని, జొన్నరొట్టె ఉన్నదా?" అన్నాడు.

తిన్నాక పడవను నీళ్లలోకి దింపించాడు. కంపు కొట్టింది గానీ చుక్క నీరు లోపలికి రాలేదు. చాచా ఏటేటా దానికి తారు పూస్తున్నాడట, నాకు తెలిస్తేగా! సారు అక్కడే కాగితం మీద రాశాడు: "బోటి బాగున్నది. గుమాస్తాను పర్మినెంట్ చేయవచ్చు."

"సార్, గుడి పడ్డది," అని గొణిగాను.

"ఎరికే. సూసే రాసిన," అన్నాడు.

ఇప్పుడా బోటుఖానా లేదు, చాచా లేడు. ఆ నౌకరీ పుణ్యమా అని పెన్షన్ తింటూ నేనున్నాను. కొమ్ము పెట్టాల్సి వచ్చినప్పుడల్లా చేయి ఒక్క క్షణం ఆగుతుంది, దిద్ది దిద్ది మరీ పెడతాను. చాచాయే ఉంటే మాత్రం, ఇంకో చీటీ తప్పుగా రాసి పంపేవాణ్ణి.