పదో అసిస్టు

ఆమని ఆట చూడదు. ఎన్నో ఏళ్లుగా ఆదివారాలు బాస్కెట్‌బాల్ కోర్టు అంచునే కూర్చుంటుంది గానీ, ఆట చూడడం ఆమె పని కాదు. బంతి ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి వెళ్లింది, ఎవరు వేశారు, బుట్టలో పడిందా లేదా, ఇంతే చూస్తుంది. చూసింది చూసినట్టు పైకి చెబుతుంది. పక్కన కూర్చున్న ఫహద్ తల వంచుకుని విని, కంప్యూటర్లోకి ఎక్కిస్తాడు.

వాళ్లిద్దరూ తెలుగులోనే పని చేసుకుంటారు. హాల్లో మైకు ఇంగ్లీషులో హోరెత్తుతుంటుంది కాబట్టి ఇంగ్లీషు అంకెలు అందులో కొట్టుకుపోతాయి. తెలుగు అంకెలు మాత్రం తేటగా వినిపిస్తాయి. "పన్నెండు, దూరం కెల్లి, పడలే. రీబౌండ్ ఏడు. ఏడు ఇచ్చిండు, పదిహేను ఏసిండు, పడ్డది. అసిస్ట్ ఏడు." హనుమకొండలో స్కూలు జట్టుకు ఆడిన ఆమె గొంతు, టోలిచౌకిలో పెరిగిన ఫహద్ చెవి అలా కలిసిపోయాయి. పక్కన గడియారం నడిపే చైనీస్ ఆయన, అదేదో ప్రార్థన అనుకునేవాడు చాలాకాలం.

వారమంతా నగరం నడిబొడ్డున తంజోంగ్ పగార్‌లో బ్యాంకు ఉద్యోగం. పొద్దున్నే ఇంటి దగ్గర, ఊరి చివరి పాసిర్ రిస్‌లో రైలెక్కి కూర్చుని కళ్లు మూసుకుంటే ఆదివారం నాటి ఆట చప్పుడు లేకుండా కదిలేది. అందులో మనుషులకు ముఖాలుండవు. నంబర్లే, లోతు నీళ్లలో చేపల్లాగా, దగ్గరవుతూ దూరమవుతూ తిరుగుతుంటాయి. వాటిలో ఏడు ఎప్పుడూ కాస్త నెమ్మదిగా కదులుతుంది. అది వాళ్లు లెక్కలు రాసే హెరాన్స్ జట్టు కెప్టెన్ డెస్మండ్ నంబరు. ఇంట్లో కూతురు నందిత పేరు కన్నా 'ఏడు' అన్న మాటే ఎక్కువసార్లు పలికానేమో అని ఒక్కోసారి ఆమెకే నవ్వొచ్చేది.

ఆ ఆదివారం లీగ్ ఫైనల్. హెరాన్స్ అంతదాకా రావడమే మొదటిసారి. డెస్మండ్‌కు అదే ఆఖరి ఆట. బయట వాన. రేకుల మీద పడే చినుకుల చప్పుడు, బూట్ల కిచకిచలు, జనం కేకలు కలిసి ఒకటే మోతగా, ఎక్కడో దూరంగా వినిపిస్తున్నాయి.

చివరి క్వార్టర్ ముగియవస్తోంది. అప్పటికే ఏడుకు ఇరవై రెండు పాయింట్లు, పదకొండు రీబౌండ్లు, తొమ్మిది అసిస్టులు, అంటే అతను అందించగానే తోటివాడు బుట్టలో వేసిన పాస్‌లు. ఇంకొక్కటి వస్తే మూడూ రెండంకెలకు చేరతాయి. ఆ క్లబ్బులో ఇంతవరకూ ఎవరికీ దక్కని ఘనత అది. హాలంతా ఆ ఒక్కటి కోసమే ఎదురుచూస్తోంది.

డెస్మండ్ బుట్ట కింద ఇద్దరి మధ్య ఇరుక్కుపోయాడు. అటు చూడకుండానే బంతి వదిలాడు. అది రెండు జతల చేతుల మధ్య నుంచి, ఎవరూ తోయకుండా తనంతట తానే పోతున్నట్టు జారింది. ఆమనికి ఒక్కసారిగా అంతా నెమ్మదించింది. నంబర్లు పోయాయి. తడిసిన జుట్టుతో ఒక మనిషి, గాల్లో ఒక బంతి, అంతే మిగిలాయి.

తేరుకునేసరికి హాలు ఊగిపోతోంది. మైకు "పది, పది" అని అరుస్తోంది. కాసేపటికి ఆట ముగిసింది, హెరాన్స్ మూడు పాయింట్ల తేడాతో గెలిచారు.

"ఆ అసిస్టు నేను చెప్పలేదు కదరా," అంది ఆమని.

"నువ్వు చెప్పలే. మైకుల పదిహేను ఏసిండని ఇన్న, కొట్టిన. ఎవరిచ్చిండ్రని అడిగింది మిషిన్. ఏడు అని పెట్టిన," అన్నాడు ఫహద్. "ఎప్పుడైనా ఇచ్చేది ఏడే గద అక్కా."

ఆట లెక్కల కాగితం అచ్చుకు పంపేముందు సరిచూసుకునే వీలుంటుంది. ఆమె ఆ ముక్క వీడియో పెట్టించింది. పాస్ ఆమె చూసినట్టే ఉంది. ఆ తర్వాతది ఆమె చూడలేదు. పదిహేను బంతి పట్టుకుని ఆగాడు. ఎదుటివాణ్ణి ఊరించి, పక్కకు తప్పించి, బంతిని నేలకు కొట్టుకుంటూ వెళ్లి అప్పుడు వేశాడు. అది అతని సొంత కష్టం. దాన్ని అసిస్టుగా రాయరు.

"తీసెయ్."

"అక్కా, వేరేటోళ్లు ఇంత లెక్కగ రాస్తరా ఏంది? ఎవళ్ల జట్టుకు వాళ్లు ఇట్లనే ఇస్తరు. ఆయనకిది లాస్ట్ మ్యాచ్."

"తెలుసు."

"మనిద్దరం తప్ప ఎవడు జూస్తడు?"

ఆ అసిస్టు ఇవ్వాలని ఆమెకూ ఉంది. ఆ పాస్‌కు పది కాదు, వంద ఇవ్వాలని ఉంది. కానీ ఆ పాస్ చూస్తూ నోరు పెగలకపోబట్టే ఆ పది పుట్టింది. "ముందుగాల నేను పోయి చెప్త," అని లేచింది.

కోర్టు మధ్యలో డెస్మండ్ ఫొటో దిగుతున్నాడు. ఎవరో అట్టముక్క మీద పెద్దగా పది అని రాసి అతని చేతికిచ్చారు. ఆమె నిలబడి, ఫొటో అయ్యాక దగ్గరికి వెళ్లింది.

"తొమ్మిదే," అంది ఇంగ్లీషులో.

అతను నవ్వబోయి ఆగాడు. "ఎవరు తీసేశారు, ఆంటీ?"

"నేనే."

డెస్మండ్ అట్టముక్క చంకలో పెట్టుకుని ఆమె వెంట టేబులు దగ్గరికి వచ్చాడు. ఫహద్ వీడియో తిప్పాడు. డెస్మండ్ వంగి చూశాడు. పదిహేను ఆగిన చోట అతని దవడ బిగిసింది.

"వెంటనే వేసేయొచ్చు కదా," అన్నాడు తెర మీది మనిషితో.

తర్వాత ఫహద్ వైపు తిరిగాడు.

"మొదటి నుంచి పెట్టు, బ్రో. పాస్ నుంచి."

ముగ్గురూ మళ్లీ చూశారు. బంతి చేతుల మధ్య నుంచి జారుతుంటే ఆమని గొంతులోంచి చిన్న శబ్దం వచ్చింది. డెస్మండ్ తలతిప్పి ఆమె వైపు చూశాడు.

"అప్పుడు చూశారా మీరు? జరుగుతుంటే?"

"చూశాను. పని మరిచిపోయి చూశాను."

అతను తలూపాడు. ముఖంలో బాధ పోలేదు. అట్టముక్క మాత్రం మడిచి, పక్కనున్న చెత్తబుట్టలో వేశాడు. తర్వాత కుర్చీ లాక్కుని ఫహద్ పక్కన కూర్చున్నాడు.

"ఇంకోసారి," అన్నాడు.

ఫహద్ తొమ్మిది అని కొట్టి, కాగితం అచ్చుకు పంపి, వీడియో మళ్లీ మొదటికి తిప్పాడు.