కోతల డాక్టరు

అహ్మద్ అలీ పశువుల డాక్టరే గాని, అందరిలాంటి డాక్టరు కాదు. హైదరాబాదులో ఆపరేషన్ల మీదే పై చదువు చదివి, ఎనభై ఏడులో నల్లగొండ పశువుల దవాఖానకు వచ్చాడు. సూదిమందుతో పోయే రోగాలు మిగతావాళ్లు చూసేవారు. కత్తి పడాల్సినవి ఆయన దగ్గరికి రావాలి. వచ్చేవి కావు. వచ్చిన కొత్తలో "పొట్ట కోసి, కుట్టి, మళ్లీ నెమరు వేయిస్త" అన్నాడు మరి. జనం నవ్వి కోతల డాక్టరని పేరు పెట్టారు. కోసేవాడని కాదు, కోతలు కోసేవాడని.

మరుసటి ఎండాకాలం కేతేపల్లి గోపమ్మ తన సూడిబర్రెను ట్రాక్టరు మీద తెచ్చింది. ఇల్లంతా ఆ బర్రె మీదే బతుకుతోంది. అది మేత ముట్టడం లేదు. గుండె కింద నొక్కగానే మూలిగింది. మేతతోపాటు తీగముక్క ఏదో మింగింది. అది గుండె వైపు పోతోంది.

కోద్దామంటే ఎడమ డొక్క నిండా కాల్చిన వాతలు, ఇంకా పచ్చిగా. కోత పడాల్సిన జాగా అదే.

"ఎవరు పెట్టిన్రు గీ వాతలు?"

"నేనే సారూ," అన్నాడు గోపమ్మ మరిది ఐలేశం. "తాతల కాలం నుంచి గట్లనే పెడ్తం."

"పెడితివి గాని, కుడిదిక్కన్న పెట్టకపోతివి."

గోపమ్మకు నవ్వు రాలేదు. "బతుకుతదా సారూ?"

పుండ్ల మీంచి కోస్తే చీము పడుతుంది. మానేదాకా ఆగితే తీగ ఆగదు.

"చెప్పలేనమ్మా. వాతల నడుమ జానెడు జాగా ఉంది, ఆడ కోస్త. కుట్లు పట్టకుంటే దక్కది. కొయ్యకుంటే అసలే దక్కది."

"నిన్ను కోతల డాక్టరన్నరు. నా ముంగట ఒక్క కోతన్న కొయ్యకపోతివి," అంది గోపమ్మ. "కానియ్యి."

"వదినా, జర ఆలోచించు."

"నీ ఆలోచనతోనే గీడిదాంక వచ్చినం. తాడు పట్టు."

బర్రెను నిలబెట్టే, డొక్కకు మత్తుసూది ఇచ్చి కోశాడు. భుజం దాకా చెయ్యి పెట్టి వెతికితే వంకరపోయిన ఇనుపతీగ దొరికింది. అంతటితో అయిపోలేదు. భయపడ్డట్టే ఒక కుట్టు దగ్గర చీము పట్టింది. దాన్ని రోజూ తనే కడిగాడు. గోపమ్మ దవాఖాన వరండాలోనే ఉండిపోయింది.

ఒక పొద్దున బర్రె దవడ కదిలింది. ఆగింది. మళ్లీ కదిలింది.

"చూస్తున్నవా సారూ?"

"చూస్తున్న. జర మాట్లాడకమ్మా."

ఇద్దరూ అలాగే నిలబడి, అది నెమరు వేయడం చూశారు.