మిల్లీమీటరు సందు

కాలిపోయిన ట్యాంకును బొమ్మగా చేయడం కొత్త ట్యాంకును చేయడం కంటే పదింతలు కష్టం. నేను బొమ్మ విమానాలు చేసేవాణ్ణి, ఈ మాట ఒప్పుకోవడానికి నాకు ఇరవై ఏళ్ళు పట్టింది. మా విన్కోవ్‌త్సి ఊరి బొమ్మ మోడళ్ళ క్లబ్బులో ట్యాంకుల వాళ్ళని మేం బురదగాళ్ళని ఏడిపిస్తాం. తిహోమీర్‌ని మాత్రం ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. రైల్వే వర్క్‌షాపులో వెల్డరు, మాట తక్కువ. ఏటా ఒకటే ట్యాంకు చేసేవాడు, అదీ కాలిపోయినదే.

ఆ పనితనం చూస్తే మతిపోయేది. ప్లాస్టిక్‌ని లోపలివైపు నుంచి బ్లేడుతో గీకి గీకి కాగితమంత పలచన చేసి, అప్పుడు వేడి సూదితో గుండు దూరిన కంత పెట్టేవాడు. మంటకు చక్రాల మీది రబ్బరు మిగలదు కాబట్టి ఉత్త ఇనప అంచులే ఉంచేవాడు. స్ప్రింగులకి సత్తువ పోయి బండి పొట్ట కుంగుతుందని, జానెడు బొమ్మని ఆ మేరకు కిందికి దించేవాడు. కాలిన ఇనుము ఒక్క వానకే నారింజ రంగు తిరుగుతుందని మాకు నేర్పింది అతనే. ఇక బూడిదకి రంగు వాడేవాడు కాదు, నిజం బూడిదే. వాళ్ళింటి పొయ్యిలోది తెచ్చి భార్య పాత మేజోడులో పోసి జల్లించేవాడు.

"ఒక్కసారి తుమ్మితే నీ బొమ్మంతా ఎగిరిపోతుందిరా" అంటే, "అయితే తుమ్మకు" అనేవాడు.

ఏటా అతను చేసేది ఒకప్పుడు తాను ఎక్కిన ట్యాంకునే. పంతొమ్మిది వందల తొంభై ఒకటిలో ఇక్కడ జరిగిన యుద్ధంలో అందులో ఫిరంగి పేల్చేవాడు తిహోమీర్, డ్రైవరు అదే వీధి కుర్రాడు క్రెషిమీర్. ఇద్దరికీ ఇరవై రెండేళ్ళు. మొక్కజొన్న చేలో దెబ్బ తగిలి బండి అంటుకుంది. తిహోమీర్ బయటపడ్డాడు, క్రెషిమీర్ పడలేదు. మూసిన శవపేటిక పక్కన క్రెషిమీర్ తల్లి ల్యూబిత్సా ఎలా పోయాడని అడిగితే, "దెబ్బకే పోయాడు పిన్నీ, వాడికేం తెలియలేదు" అని చెప్పాడట తిహోమీర్. ఆ ఒక్క మాట పట్టుకుని ఆవిడ ముప్పై ఏళ్ళకు పైగా బతికింది. ప్రతి ఆదివారం అతనికి ఆవిడ ఇంట్లోనే భోజనం, సేమ్యా వేసిన కోడి చారు. చలికాలానికి కట్టెలు కొట్టి పేర్చేది అతనే, పందిని కోసే రోజున కత్తి పట్టుకుని ముందుండేదీ అతనే. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. యుద్ధం అయ్యాక వేరే ఊరి నుంచి వచ్చినవాణ్ణి నేను, ఆవిడ మొహం కూడా ఎరగను.

పోయిన వసంతంలో ఫైర్ స్టేషను హాల్లో ప్రదర్శన పెట్టాం. అందరి పేర్లూ రాసి ఊరంతా పోస్టర్లు అంటించింది నేనే. తిహోమీర్ కొత్త బొమ్మ తెచ్చి బల్ల మీద పెట్టాడు. అదివరకటి బొమ్మల్లో ఎప్పుడూ ఫిరంగి గొట్టం పక్కకి తిరిగి ఉండేది. ఈసారి ముందుకు వచ్చి, సరిగ్గా డ్రైవరు బయటికి వచ్చే, తలపైని మూత మీదికి వాలి ఉంది. మూత ఒక్క మిల్లీమీటరు లేచి, గొట్టానికి తగిలి ఆగిపోయింది.

"ఏంట్రా, మార్చేశావు?" అన్నాను.

"మార్చలేదు. ఇన్నాళ్ళూ మార్చి చేశాను," అని కాఫీ తేవడానికి వెళ్ళాడు. నా మట్టిబుర్రకి ఏమీ తట్టలేదు.

చర్చి వదిలిన వేళకి ఒక ముసలావిడ వచ్చింది. తలకి నల్ల గుడ్డ, చేతిలో అక్రోటు రొట్టె పళ్ళెం. "పోస్టరు మీద మా తిహో పేరు చూశాను నాయనా. వాడు చేసింది ఏదీ?" అని అడిగింది. చూపించాను. చూపించి ఊరుకోవచ్చు కదా. ఊరుకుంటే నేనెందుకవుతాను?

"కాలిన బండిని చదవడం తెలియాలమ్మా," అని మొదలుపెట్టాను. "దెబ్బ ఇక్కడ, వెనక తగిలింది. ముందు కూర్చున్న డ్రైవరుకి గీత కూడా పడి ఉండదు. ఇదిగో, ఈ మూత కింద సందు చూశారా? వాడు బతికే ఉన్నాడు. లోపల్నుంచి తోశాడు. పైన గొట్టం అడ్డం. అడుగున ఇంకో తలుపుంటుంది గానీ, బండి బురదలో దిగబడితే అదీ రాదు. చేసినవాడు అసాధ్యుడమ్మా, ఒక్క మిల్లీమీటరులో అంతా చెప్పేశాడు!"

ఆవిడ పళ్ళెం బల్ల మీద పెట్టింది. "బతికే ఉన్నాడా?"

"ఆహా, నిక్షేపంగా!" అన్నాను సంబరంగా. నోరా వీపుకు తేకే అంటారు. నా నోరు నా వీపుకి తెచ్చినా బాగుండేది.

"పిన్నీ," అని వెనకనుంచి వినబడింది. తిహోమీర్, రెండు చేతుల్లో రెండు కాఫీలతో. ఆవిడెవరో నాకు అప్పుడు తెలిసింది. భూమి చీలి నన్ను మింగితే బాగుండు అనిపించింది.

"ఏం తెలియలేదన్నావు కదరా," అంది ఆవిడ. అరవలేదు.

"అబద్ధం చెప్పాను పిన్నీ."

"ఎంతసేపు?"

"నేను చేను గట్టు చేరేదాకా వినబడింది. ఇనుము మీద కొట్టాడు. నా పేరు పెట్టి పిలిచాడు."

"గొట్టం వాడి మీదికి ఎవరు తెచ్చారు?"

"నేనే. గురి కోసం తిప్పుతుంటే దెబ్బ తగిలింది, కరెంటు పోయి గొట్టం అక్కడే ఆగింది. చేత్తో తిప్పే చక్రం ఉంది. ఇరవై చుట్లు తిప్పితే వాడి మూత తెరుచుకునేది. పొగ కమ్మేసింది, భయమేసింది... దూకేశాను."

"ఇన్నేళ్ళూ నా బల్ల దగ్గర, వాడి కుర్చీలో కూర్చున్నావు."

"కూర్చున్నాను." కాఫీలు బల్ల మీద పెట్టాడు. "చెబుదామనే వచ్చేవాణ్ణి. ప్రతి ఆదివారం. నువ్వు చారు పోసేదానివి."

నాకు ఏడుపొచ్చింది. అతని మీద కోపం రావాలో, జాలి పడాలో ఇప్పటికీ తెలియదు.

ఆవిడ బొమ్మ మీదికి వంగింది. ఫిరంగి ఉండే పైభాగాన్ని మేం జిగురుతో అతికించం, ఊరికే కూర్చోబెడతాం. ఆవిడ చూపుడు వేలితో గొట్టాన్ని మెల్లగా పక్కకి నెట్టింది. మూత మీద నుంచి అది చప్పుడు లేకుండా తప్పుకుంది.

"ఒక్క వేలితో తిరిగింది కదరా తిహో," అంది.