మా అత్త కోసం పెరుగుతున్న సంచి

మా అత్త లెక్కలో నేను ఆమెకు కొత్త ఉచ్చసంచి పెంచుతున్నాను. ఈ మాట నా చెవిన పడేలోపే ఆమె మా ఊరు ఇండూరంతా చెప్పేసింది. ఆరోజు నేను బస్సు దిగి వస్తుంటే అరుగుల మీది ఆడవాళ్లు నా చేతిసంచి వైపు ఆశగా చూశారు, తెచ్చేశానేమోనని.

దీనికంతటికీ మూలం ఫోనులో నేనన్న ఒక్క ముక్క. బెంగళూరులో మా ల్యాబులో మూత్రాశయం, అదే ఉచ్చసంచి, లోపలి పొర కణాలను పెంచుతాం. సూక్ష్మజీవులు వాటిలో ఎలా చొరబడతాయో చూస్తాం. అత్త, అంటే మా నాన్న అక్క, నీడవల కింద తక్కాళి నారు పెంచి అమ్ముతుంది. అరవనాట ఉన్న మా తెలుగిళ్లలో టమాటాను తక్కాళి అనే అంటాం. నేను ‘పెంచుతాం’ అనగానే ఆమెకు నారు పోసే ట్రేలూ కొబ్బరిపొట్టూ కళ్లముందు నిలిచాయి. నారు పెంచేది నాటడానికే. సొంత మేనత్తను పెట్టుకుని ఇంకెవరికి నాటుతాను?

నవ్వి ఊరుకునేదాన్నే. కానీ అత్తకు మూత్రంలో మంట మాటిమాటికీ వస్తుంది. డాక్టరు మాత్రలిస్తుంది. మంట తగ్గగానే అత్త ఆపేసి, మిగిలినవి దేవుడి పటం వెనక దాస్తుంది. వీధిలో ఎవరికి మంటొచ్చినా అక్కడి నుంచే సరఫరా. మజ్జిగ ఇచ్చిపుచ్చుకున్నట్టు మాత్రలూ ఇచ్చిపుచ్చుకుంటారు మావాళ్లు. ఈసారి చలిజ్వరం, నడుంనొప్పి కూడా వచ్చాయని అమ్మ ఫోన్ చేసింది. ఆ మంట మూత్రపిండాల దాకా పాకితే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. భయమేసి సెలవు పెట్టి వచ్చేశాను.

అత్త దుప్పటి కప్పుకుని కూర్చుని ఉంది.

“ఏమే పాపా, తెచ్చినావా?”

“ఏం తేవాల?”

“నా సంచి. పాతది పాడైపాయ కదా, అందుకే మాత్రలు ఆపేస్తిని. పీకేసే చెట్టుకి ఎవరన్నా ఎరువు ఏస్తారా?”

నాకు ఒళ్లు మండింది. నవ్వు కూడా వచ్చింది, అందుకు ఇంకా మండింది.

“అత్తా, నేను పెంచేది సంచి కాదు. గిన్నె అడుగున పలచటి పొర. కంటికి కూడా కనపడదు.”

“ఇప్పుడు చిన్నదిగానే ఉంటాది. నారు కదా.”

ఇక లాభం లేదని ఫోనులో ఉన్న ఫొటో ఒకటి చూపించాను. సూక్ష్మదర్శినిలో మా కణాలు, ఒకదానికొకటి ఆనుకుని. అత్త కళ్లు చికిలించి చూసింది.

“సందు లేకుండా మొలిచినాయే! ఎవరిది ఇత్తనం?”

“ఎవరో ఒకామె ఇచ్చింది. పేరు మాకు చెప్పరు.”

“ఆమె బాగుందా?”

“తెలీదు అత్తా.”

“అయ్యో పాపం. ఊరూ పేరూ తెలీనామె బిడ్డల్ని సాకుతా ఉండావా నువ్వు!”

మా ల్యాబులో ఆమె బాగోగులు ఎవరూ అడగగా నేను వినలేదు. నేనూ అడగలేదు.

రెండో ఫొటో చూపించాను. అవే కణాలు, సూక్ష్మజీవులు చొరబడ్డాక.

“తుంగని పైపైన కోసి వదిలేస్తే ఏమైతుంది?” అన్నాను.

“గడ్డ లోపలే ఉంటాది. మళ్లీ లేస్తాది.”

“ఇవీ అంతే. మంట తగ్గినా లోపల దాక్కొని ఉంటాయి. నువ్వు మాత్రలు ఆపేస్తివి, అవి మళ్లీ లేచినాయి.”

అత్త ఆ ఫొటోనే చూస్తూ ఉండిపోయింది. “ఈ బిడ్డలకి మందు పోస్తావా?”

“పోస్తాను.”

“మధ్యలో ఆపకుండా?”

“ఆపకుండా.”

దుప్పటి పక్కన పడేసి లేచింది. “పద, సీక్రం పోదాం.”

ధర్మపురిలో డాక్టరమ్మ మూత్రం పట్టి ఇమ్మంది. అందులో ఏ సూక్ష్మజీవి ఉందో పెంచి చూడాలట.

“చూసినావా, ఈడ కూడా పెంచుతారు!” అని అత్త నన్ను మోచేత్తో పొడిచింది. తీరా పట్టాక ఆ డబ్బా కొంగు చాటున పెట్టుకుని ఎవరికీ ఇయ్యనంది. సొంత మనిషి ఉండగా పరాయివాళ్లకు ఎందుకియ్యాలని పేచీ. బతిమాలి ఇప్పించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

డాక్టరమ్మ సూది వేసి, మాత్రలు రాసి, ఒక్కటి కూడా మిగలకూడదని గట్టిగా చెప్పింది. ఇంటికి రాగానే పటం వెనక సరుకంతా తీసి పారేశాను. పక్కింటామె నాతో మాట్లాడటం మానేసింది.

నేను బెంగళూరు చేరాక రోజూ ఫోనే. “ఈ పొద్దుది మింగినాను. బిడ్డలకి పోసినావా?”

“పోసినాను అత్తా.”

ఫొటోలోని ఆ బిడ్డల్ని నేనెప్పుడో బ్లీచులో పారబోశాను. అది చెప్పే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు.

చివరికి ఒకరోజు ఆ గొంతు కులాసాగా వినిపించింది. “అయిపాయ పాపా. జ్వరం లేదు, నొప్పి లేదు. పక్కింటామె అడిగినా ఒక్క మాత్ర ఇయ్యలే. బిడ్డలకి చెప్పు.”

మర్నాడు ల్యాబులో కణాలుండే వెచ్చటి పెట్టె తెరిచాను. లోపల కొత్త గిన్నెలు, వాటిలో ఆ పేరు తెలియని ఆమె కణాలే. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని వంగి చెప్పాను.

“అత్త మాత్రలన్నీ మింగేసింది. మీ అమ్మ కూడా బాగుండాల.”

ఇంకా ఏదో చెప్పాలనిపించింది కానీ తలుపు మూసేశాను. ఎక్కువసేపు తెరిచి పెడితే వాటికి చలి.