వాయవ్యం మూల రాళ్ళు

మీ ఇంటి కప్పు మీద బరువు ఏ మూల ఉందో చెప్పగలరా? కుర్చీలో కూర్చుని కాదు... పైకెక్కి, చేత్తో తడిమి చెప్పగలరా?

మా చిన్నప్పుడు... జంషెడ్‌పూర్ బారిడీహ్‌లో మాది రేకుల ఇల్లు. గాలికి రేకులు లేవకుండా వాటి మీద చిట్టెం గడ్డలు పెట్టేవారు. ఇనుము కరిగించాక మిగిలే మడ్డి అది... చల్లారితే నల్లరాయే. వీధిలో అందరి కప్పుల మీదా ఆ రాళ్ళు వాయవ్యం మూలే ఎక్కువగా ఉండేవి. ఎందుకని మా ఇంట్లో ఎవరూ అడగలేదు.

ఒక చైత్రమాసంలో సోంపేట దగ్గర సముద్రపొడ్డు నుంచి మా నాయనమ్మ వచ్చింది. దిగిన రోజే నడుం మీద చేతులేసుకుని కప్పు వైపు చూసింది.

"ఒరే అప్పన్నా! రాళ్ళన్నీ ఆ మూల ఎట్టినావేటిరా? గాలి ఈశాన్యం కాడి నుంచి కదా వత్తాది!"

"ఇక్కడోలు అలాగే ఎడతారమ్మా" అన్నాడు నాన్న.

"ఇక్కడోలు సముద్రం మొకం చూసినారేటి? నాను మూడు తుపాన్లు తిని బతికినాను. ఎక్కు, ఎక్కు. ఒసే గుంటా, నీ బాబుకి నిచ్చెన పట్టు!"

పట్టాను. నాన్న ఒక్కొక్క రాయీ ఈ మూల నుంచి ఆ మూలకు మోశాడు. పక్కింటి మహతో కాకా గోడ మీంచి అరిచాడు. "అరే అప్పన్నా, పత్థర్ ఉధర్ క్యోం? ఆంధీ తో ఇధర్ సే ఆతీ హై!" రాళ్ళు అటెందుకు, గాలివాన వచ్చేది ఇటు నుంచి కదా అని. నాన్న పైనుంచే నవ్వాడు. "క్యా కరూఁ కాకా... అమ్మా కా ఆర్డర్ హై. సుప్రీంకోర్ట్!" ఏం చెయ్యను, అమ్మ ఆర్డరు మరి అని.

అందరం నవ్వాం. ఆ నవ్వు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

నాయనమ్మ చెప్పింది అబద్ధమా? కాదు! ఘోరం అక్కడే ఉంది. ఆవిడ ఎరిగిన తుపాను సముద్రం కన్న బిడ్డ. ఎండకు సముద్రం కాగుతుంది... ఆవిరి పైకి లేస్తుంది... ఖాళీ అయిన చోటికి చుట్టూ ఉన్న గాలి దూసుకొస్తుంది... తిరిగే భూమి దాన్ని మెలిపెడుతుంది. మన బంగాళాఖాతంలో తుపాను అంటాం, అట్లాంటిక్‌లో హరికేన్, జపాన్ వైపు టైఫూన్. పేర్లు వేరు, పుట్టుక ఒకటే. సోంపేట ఒడ్డున దాని మొదటి దెబ్బ ఈశాన్యం నుంచే పడుతుంది. నేల మీదికి వచ్చాక ఆవిరి అందక చిక్కిపోతుంది. మా ఊరు చేరేసరికి చాలాసార్లు వట్టి ముసురే.

మా ఊరిని కొట్టేది కాలబైశాఖి, ఎండాకాలపు గాలివాన. అది నేల మీదే పుడుతుంది. ఛోటానాగ్‌పూర్ రాతినేల పెనంలా కాలుతుంది. పడమటి పొడిగాలి కిందికి సముద్రపు తేమగాలి దూరుతుంది. మధ్యాహ్నం దాటేసరికి మబ్బు కొండలా నిలబడి, వాయవ్యం నుంచి విరుచుకుపడుతుంది. అలాంటి మబ్బుల నుంచే ఒక్కోసారి సుడి నేలకు దిగుతుంది... అమెరికా మైదానాల్లో టోర్నడో అంటారే, అదే. బెంగాల్ పల్లెలకూ దాని దెబ్బ తెలుసు.

వారం తిరగలేదు. ఆ సాయంత్రం ఆకు కదల్లేదు. నాన్న డ్యూటీలో ఉన్నాడు. అమ్మ గుమ్మంలో చేటతో బియ్యం చెరుగుతోంది. మూడేళ్ళ నా చెల్లి నీలు లోపల చాప మీద నిద్రపోతోంది... వాయవ్యం మూలనే, అక్కడ చల్లగా ఉంటుందని. నాయనమ్మ వీధిలోకి వచ్చి ఈశాన్యం ఆకాశం చూసింది. "తేటగా ఉంది. ఏటీ రాదు" అంది.

ఆవిడ చూడని వాయవ్యంలో ఆకాశం కాలిన ఇనుములా ఉంది.

అది గాలి కాదు, గుద్దు! చేట, బియ్యం, తలుపు రెక్క అన్నీ ఒక్కసారే ఎగిరాయి. కళ్ళ నిండా ఎర్రదుమ్ము. కప్పు మీద మేకులు ఒక్కొక్కటే కీచుమని ఊడుతున్న చప్పుడు... బరువు లేని మూల రేకు నాలుకలా పైకి లేచింది, మళ్ళీ లోపలికి విరిగింది. అంచు కిందికి.

అమ్మ "నీలూ!" అని లోపలికి ఉరికి దాని మీద బోర్లా పడింది.

రేకు అమ్మ కుడి భుజాన్ని ఎముక దాకా కోసింది. తెగిన కప్పులోంచి వడగళ్ళు పడుతున్నాయి... తెల్లగా పడి, చాప మీద ఎర్రగా దొర్లుతున్నాయి. నీలు ఏడుస్తోంది. దాని ఒంటి మీద గీత లేదు. అంతా పావుగంట. మహతో కాకా అమ్మను రిక్షాలో వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తాడు.

అమ్మ బతికింది. ఆ కుడి చెయ్యి మాత్రం మళ్ళీ భుజం దాటి పైకి లేవలేదు.

మర్నాడు పొద్దున్నే నాయనమ్మ ఎవరికీ చెప్పకుండా నిచ్చెన ఎక్కింది. రాళ్ళు చీర చెంగులో వేసుకుని ఒక్కొక్కటే వాయవ్యానికి మోసింది. "దిగమ్మా, పడతావు!" అని నాన్న అరిస్తే, "పడనీ. నా తుపాను నాతో తెచ్చుకునొచ్చినానురా" అంది.

పురాణంలో ఆ సుడిగాలి రాక్షసుణ్ణి గుర్తు చేసుకోండి! ఊరి కళ్ళల్లో దుమ్ము కొట్టి, పసిబిడ్డగా ఉన్న దేవుణ్ణి ఆకాశానికి ఎత్తుకుపోయాడు. బిడ్డ ఏం చేశాడు? బరువెక్కాడు! మోయలేక రాక్షసుడు కూలిపోయాడు. ఏడో తరగతితో బడి మానేసినదాన్ని... ఆ కథ కూడబలుక్కుని చదివిన ప్రతిసారీ నాకు అమ్మే కనిపిస్తుంది. మా నీలుకు బరువెక్కడం తెలియదు. అమ్మే దానికి బరువైంది.

ఇప్పుడు మా వీధిలో అన్నీ మేడలే... కానీ మేడల మీద రేకుల షెడ్లు, తుప్పు పట్టిన బోల్టులు, ఖాళీ నీళ్ళ ట్యాంకులు. చిట్టెం గడ్డలు ఎవరికీ గుర్తు లేవు. సముద్రంలో పుట్టే తుపానుకు పేరు పెట్టి రోజుల ముందే ఫోన్లో చెబుతారు. ఒక్కో కాలబైశాఖికి అలా విడిగా పేరూ లేదు, అంత గడువూ లేదు.

మీ ఊళ్ళో గాలి ఏ మూల నుంచి కొడుతుందో, మీ పెద్దవాళ్ళు ఏం చేసేవారో కింద రాయండి... కాదు, అది తర్వాత. ఎండలు ముదురుతున్నాయి. ఫోన్ పక్కన పెట్టి, పాత ఊరి లెక్క మరిచి, ఈ ఊరివాణ్ణి ఒక్కణ్ణి అడిగి నిచ్చెన వెయ్యండి. రేపు కాదు. ఈ సాయంత్రం లోపు!